కుంచె పట్టిన చేత్తోనే

అడివి బాపిరాజు మీద ఏ వ్యాసం తెరిచినా మొదటి పేరాలోనే ఒక జాబితా ఎదురొస్తుంది. కవి, నవలాకారుడు, చిత్రకారుడు, పాటగాడు, కళాశాల ప్రిన్సిపాల్, పత్రికా సంపాదకుడు, సినిమా కళాదర్శకుడు. జాబితా పూర్తవగానే 'బహుముఖ ప్రజ్ఞాశాలి' అన్న మాట వస్తుంది. ఆ మాట వచ్చిందంటే ఇక ఆ వ్యాసంలో బాపిరాజు కనిపించడు. పుట్టిన తేదీ, బిరుదులు, పుస్తకాల పేర్లు కనిపిస్తాయి.

ఆ మాట మీద నాకు చాలాకాలంగా అనుమానం. అది పొగడ్తలా వినిపిస్తుంది గానీ నిజానికి ఒక ప్రశ్నను దాటవేస్తుంది. బొమ్మలు వేసిన చెయ్యి నవల రాసినప్పుడు ఆ నవలకు ఏమైంది? మేలు జరిగిందా, చెరుపు జరిగిందా? మా ఉద్యోగాల్లో 'ఫుల్ స్టాక్ డెవలపర్ కావలెను' అని ప్రకటనలు వస్తుంటాయి. అన్నీ వచ్చినవాడు కావాలన్నమాట. ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడితే చాలు, అతను అసలు ఏ వైపు నుంచి వచ్చాడో తెలిసిపోతుంది. డేటాబేస్ వైపు నుంచి వచ్చినవాడు తెర మీద ఏది పెట్టినా చివరికి అది ఒక టేబుల్ లాగే ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ సంగతి గమనించకుండా అతని పని గురించి మాట్లాడలేం.

కళాకారుల విషయంలోనూ అంతే అనుకుంటాను. ఒక కళ నుంచి ఇంకో కళకు ప్రయాణం చేసేది ప్రజ్ఞ కాదు. చేతి అలవాటు. ఏ పనిముట్టుతో ఎన్నేళ్లు కూర్చున్నారు, ఎంత గడువులో పని ఇచ్చారు, ఎక్కడ ఆపడం నేర్చుకున్నారు - ఇవి కొత్త కళలోకి వాళ్లతోపాటే వస్తాయి. కొన్నిసార్లు అడక్కుండా వస్తాయి.

బాపిరాజునే తీసుకుందాం. 1895లో పుట్టాడు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే చుట్టూ చేరిన కుర్రాళ్లలో ఈయనా ఉన్నాడు, దామెర్ల రామారావూ ఉన్నాడు. రామారావు బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్లో చదివి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో మశూచితో చనిపోయాడు. బాపిరాజు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార్ చటోపాధ్యాయ దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు. అంటే బెంగాల్ పద్ధతి. అందులో ముఖ్యమైనది 'వాష్'. కాగితం మీద పల్చగా నీటిరంగు వేస్తారు, ఆరనిస్తారు, కాగితాన్ని నీళ్లతో తడుపుతారు, మళ్లీ ఇంకో పల్చని పొర వేస్తారు. ఇలా ఎన్నో సార్లు. చివరికి ఏ రంగు ఎక్కడ ఆగిందో చెప్పలేం. అంచులు కరిగిపోతాయి. బొమ్మంతా పొద్దున్నే మంచులో చూసినట్టు ఉంటుంది.

ఇప్పుడు 'హిమబిందు' తెరవండి. శాతవాహనుల కాలం, ధాన్యకటకం, శిల్పుల ఇంటి బిడ్డ సువర్ణశ్రీ. ఆ నవలలో నగలకు పేర్లున్నాయి, చీరలకు రంగులున్నాయి, తోరణాలకు చెక్కడపు పనులున్నాయి. ఒక్కో పాత్ర వేదిక మీదికి రావాలంటే ముందు అలంకరణ పూర్తవ్వాలి. ఇది చూసి 'చిత్రకారుడి కన్ను' అని అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ రంగుల కన్నా ఆ తడి ముఖ్యమనిపిస్తుంది. నవల్లో ఎవరికీ గట్టి అంచు లేదు. విషకన్య లాంటి భయంకరమైన ఊహ కూడా కాసేపటికి పూలవాసనలోకి జారిపోతుంది. పగలు, కుట్రలు, రాజకీయాలు అన్నీ ఉన్నాయి, కానీ పొర మీద పొర వేసేసరికి అన్నీ ఒకే రంగులోకి ఒదిగిపోతాయి. వాష్ పద్ధతికి ఇది అందం. నవలకు ఇది పెద్ద ఇబ్బంది, ఎందుకంటే నవలలో ఒక మనిషి ఇంకో మనిషికి అడ్డంగా నిలబడాలి.

'నారాయణరావు'లో ఈ ఇబ్బంది తక్కువ. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో 'వేయిపడగలు'తో కలిసి బహుమతి పంచుకున్న నవల అది. అక్కడ బాపిరాజుకు తెలిసిన ఊళ్లున్నాయి, చదువులున్నాయి, పెళ్లి పందిళ్లున్నాయి, కోడలికీ అత్తవారింటికీ మధ్య దూరం ఉంది. తన కాలపు మనుషులు కాబట్టి వాళ్లను తడిపి ఆరబెట్టడానికి అంతగా ఒప్పుకోలేదు. చిత్రకారుడిగా ఆయన బలం ఎక్కడ తగ్గిందో నవలాకారుడిగా బలం అక్కడ పెరిగిందని నా లెక్క. జాబితా వ్యాసాల్లో ఇలాంటి లెక్కకు చోటుండదు. అక్కడ అన్ని ముఖాలూ ఒకేలా వెలిగిపోతుంటాయి.

దీనికి సరిగ్గా ఎదురు దారిలో నడిచినవాడు టాగోర్. రాతలో కొట్టివేతల నుంచి బొమ్మ పుట్టించుకున్నాడు. 1924లో 'పూరబి' కవితలు రాస్తున్నప్పటి చిత్తుప్రతుల్లో, కొట్టేసిన మాటలన్నిటినీ గీతలతో కలుపుతూ పోతే వింత జంతువులు, ముఖాలు తయారయ్యాయి. ఆరేళ్లకు, 1930లో, పారిస్‌లో ఆయన బొమ్మల ప్రదర్శన జరిగింది. అప్పటికి ఆయన వయసు 69. కవిగా ఆయనకున్న మార్దవం ఆ బొమ్మల్లో దాదాపుగా లేదు. దిద్దుబాటు చేసే చెయ్యి కఠినమైనది కదా, ఆ కాఠిన్యమే బొమ్మలోకి వచ్చింది.

టాగోర్ శాంతినికేతన్‌లోనే 1940 నుంచి రెండేళ్లపాటు బొమ్మలు నేర్చుకున్నాడు సత్యజిత్ రాయ్. చదువు పూర్తి చెయ్యకుండానే కలకత్తా వచ్చి, 1943లో డి.జె. కీమర్ అనే బ్రిటిష్ ప్రకటనల కంపెనీలో నెలకు 80 రూపాయల జీతానికి చేరాడు. ప్రకటనలు, సిగ్నెట్ ప్రెస్ పుస్తకాలకు అట్టలు. ఆ పుస్తకాల్లో ఒకటి 'పథేర్ పాంచాలి'కి పిల్లల కోసం చేసిన సంక్షిప్త ప్రతి. దానికి రాయ్ వేసిన బొమ్మల్లో కొన్ని పదేళ్ల తర్వాత సినిమాలో షాట్లుగా మారాయి. సినిమాకు పూర్తిగా రాసిన స్క్రిప్టు లేదు. బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని పట్టుకుని నిర్మాతల చుట్టూ తిరిగాడు, ఎవరూ డబ్బు పెట్టలేదు.

ఇంతవరకూ ఇది అందరికీ తెలిసిన కథే. నాకు ఆసక్తి కలిగించేది దాని తర్వాతి ముక్క. 1952 అక్టోబరులో మొదటిరోజు షూటింగ్ రెల్లుపూల పొలంలో. అపు, దుర్గ రైలు చూసే సన్నివేశం. ఉద్యోగం ఉంది కాబట్టి ఆదివారాలే షూటింగ్. వారం తర్వాత మిగతా భాగం తియ్యడానికి వెళ్తే అక్కడ రెల్లుపూలు లేవు. పశువులు మేసేశాయి. మళ్లీ పూసేదాకా ఆగాల్సి వచ్చింది. ప్రకటనల ఆర్టిస్టు బల్ల మీద ఇలా జరగదు. పొద్దున వేసిన పువ్వు సాయంత్రానికీ అక్కడే ఉంటుంది. బొమ్మలు వేసే రాయ్ సినిమా తీసే రాయ్‌గా మారింది ఆ పొలంలోనే అని నేను నమ్ముతాను. బొమ్మ అన్నది సిద్ధపడడానికి పనికొస్తుందిగానీ దాన్ని అంటిపెట్టుకుని ఉండకూడదని ఆ ఆవులు నేర్పాయి. (వారమంతా ఉద్యోగం చేసి ఆదివారం రాసుకునే మాలాంటివాళ్లకు ఈ కథ ఎందుకు ఇష్టమో వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే మనం రెండో ఆదివారం పొలానికి వెళ్లం.)

రాయ్ ఎర్ర గుడ్డ అట్టల ఖాతా పుస్తకాల్లో సినిమాలు రాసుకునేవాడు. ఒకే పేజీలో సంభాషణ, కెమెరా చోటు, దుస్తుల బొమ్మలు. 1961 తర్వాత తన సినిమాలకు సంగీతం కూడా తనే చేసుకున్నాడు కాబట్టి స్వరాలూ ఆ పుస్తకాల్లోకి వచ్చాయి. అక్షరాల రూపకల్పనలో ఆయన చేసిన 'రే రోమన్' అనే ఇంగ్లీషు టైపు ఉంది, 'సందేశ్' పత్రిక కోసం రాసిన ఫెలూదా కథలున్నాయి. ఇదీ జాబితాయే. కానీ ఆ ఖాతా పుస్తకం ఉంది కాబట్టి ఇవన్నీ ఒకే బల్ల మీద జరిగిన పనులని తెలుస్తోంది.

ఇప్పుడు మన బాపు. ఈ పోలిక చాలామంది చేశారు: ఇద్దరూ ప్రకటనలు, పుస్తకాల బొమ్మల నుంచి సినిమాకు వచ్చినవాళ్లే, ఇద్దరివీ అందమైన అక్షరాలే. పోలిక అక్కడితో ఆపేసి దండం పెట్టేస్తాం. తేడా దగ్గరికి వెళ్లం.

బాపు 1933లో పుట్టాడు. 1955లో మద్రాసులో లా డిగ్రీ తీసుకున్నాడు, నల్లకోటు వెయ్యలేదు. ఆంధ్రపత్రికతో మొదలుపెట్టి జీవితాంతం పత్రికలకు బొమ్మలు వేశాడు. వారపత్రికకు బొమ్మలు వెయ్యడమంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. ఎవరో రాసిన కథ వస్తుంది. ముందు చదవాలి. అందులో ఒకే ఒక్క క్షణం ఎంచుకోవాలి. ఆ క్షణం కథను పట్టివ్వాలి, అలాగని ముగింపు చెప్పెయ్యకూడదు. కథ పేరుకు చోటు వదలాలి. రేపటికల్లా ఇచ్చెయ్యాలి. మళ్లీ వారం ఇంకో కథ. దశాబ్దాల పాటు ఇదే. ఇంతటి క్రమశిక్షణ మన కథకుల్లో ఎంతమందికి ఉందో నాకు సందేహమే. తెలుగు కథల్ని బాపు అంత శ్రద్ధగా, అంత ఎక్కువగా చదివినవాళ్లు విమర్శకుల్లో కూడా తక్కువమందే ఉంటారు.

ఈ అలవాటు సినిమాలోకి ఏం తెచ్చింది? 1967లో 'సాక్షి'తో మొదలుపెట్టాడు. గోదావరి పక్కన పులిదిండిలో, ఊళ్లోనే తీశాడు. ఆ తర్వాతి సినిమాల గురించి మనం తరచూ అనే మాట ఒకటుంది: ప్రతి ఫ్రేమూ బాపు బొమ్మలాగే ఉంటుంది. నేను దీన్ని ఫిర్యాదుగానే తీసుకుంటాను. సినిమాలో ఫ్రేము తర్వాత ఇంకో ఫ్రేము రావాలి. ప్రతి ఫ్రేమూ తనంతట తాను పూర్తయిపోతే, దాని నుంచి పక్కదానికి వెళ్లాల్సిన అవసరం ఎవరికుంటుంది?

'ముత్యాలముగ్గు' (1975) చూడండి. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఇంకా చూస్తాను. కథ అంతా ఒక అనుమానం మీద నిలబడింది. భార్యను అమితంగా ప్రేమించిన భర్త, పన్నిన కుట్రకు పడిపోయి ఆమెను ఇంట్లోంచి పంపేస్తాడు. ఆ అనుమానం అతనిలో ఎలా పుట్టింది, ఎలా ముదిరింది? సినిమా అక్కడ ఆగదు. ప్రేమ ఒక బొమ్మ, అనుమానం ఒక బొమ్మ, ఎడబాటు ఒక బొమ్మ. ఒక్కో బొమ్మా అద్భుతంగా ఉంటుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మనిషి ఎలా జారాడన్నది మాత్రం కనపడదు. పత్రికలో అయితే అది కథకుడి బాధ్యత. బొమ్మకింద కథ ఉంటుంది. ఇక్కడ బొమ్మకింద ఏముంది?

ఉంది. ఉత్తర రామాయణం ఉంది. నిందపడి అడవికి వెళ్లిన ఇల్లాలు, ఆమె పిల్లలు, వాళ్లే తల్లిదండ్రుల్ని కలపడం. భర్త ఎందుకు నమ్మాడని తెలుగు ప్రేక్షకుడు అడగడు, ఎందుకంటే ఆ ప్రశ్న రాముణ్ణి అడగకుండానే పెరిగాడు. ప్రేక్షకుడి జ్ఞాపకంలో ముందే ఉన్న కథకు బాపు బొమ్మలు వేశాడు. ఏడాది తర్వాత వచ్చిన 'సీతాకల్యాణం'లో ఈ పద్ధతి ఇంకా స్వచ్ఛంగా కనిపిస్తుంది. గంగావతరణం ఘట్టంలో మాటల అవసరమే లేదు. అందరికీ తెలిసిన కథ, కాబట్టి చిత్రకారుడికి పూర్తి స్వేచ్ఛ. నా దృష్టిలో బాపు తీసినవాటిలో లోపం లేని సినిమా అదే. బొమ్మలు వేసేవాడి అలవాటుకూ తీసుకున్న వస్తువుకూ అక్కడ ఎక్కడా పేచీ లేదు. సాంఘిక సినిమాల్లో, రామాయణం కింద లేనప్పుడు, ఆ పేచీ బయటపడుతూనే ఉంటుంది.

అయితే 'ముత్యాలముగ్గు' దగ్గర ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయం. బాపు గీతలో వెలుగు ఉండదు. మందంగా మొదలై సన్నగా తేలిపోయే కుంచె గీత, చుట్టూ వదిలేసిన తెల్లకాగితం. అది పొద్దున్నో సాయంత్రమో ఆ గీతకు పట్టదు. ఈ సినిమాలో మాత్రం పొద్దున్న పొద్దున్నలా ఉంటుంది. ఆ వెలుగు తెచ్చినవాడు ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్య. 'గరమ్ హవా' తీసిన చెయ్యి అది. ఈ సినిమాకు ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది. కాంట్రాక్టరు వేషంలో రావు గోపాలరావు తెల్లారగట్ల ఆకాశాన్ని చూస్తూ హత్యను తలుచుకునే దృశ్యంలో ముగ్గురి పని పక్కపక్కనే కనిపిస్తుంది. మనిషిని ఒక్క చూపులో పట్టించే కార్టూనిస్టు గీత బాపుది. ఆకాశం ఆర్యది. 'కలాపోసన' అన్న మాట ముళ్లపూడి వెంకటరమణది.

ఆ మాటను ఇవాళ మనం సరదాగా వాడేస్తాం. మనవాళ్లు బొమ్మ వేసినా, పాట పాడినా, కలాపోసన అని నవ్వుతాం. కానీ అది ఒక దుర్మార్గుడి నోటి మాట. కళను ఒంటికి రాసుకునే అత్తరులా చూసేవాడి మాట. రమణకు ఆ సంగతి బాగా తెలుసు. మన బహుముఖ ప్రజ్ఞ వ్యాసాలు చదివినప్పుడల్లా నాకు ఆ కాంట్రాక్టరే గుర్తొస్తాడు, ఆయన కూడా కళలన్నిటినీ సమానంగానే మెచ్చుకుంటాడు మరి.

బాపు, రమణల సంగతే ఒక విచిత్రం. రాయ్ ఒక్కడి ఖాతా పుస్తకంలో జరిగింది ఇక్కడ ఇద్దరు స్నేహితుల మధ్య జరిగింది. 'బుడుగు'లో పిల్లాడి మాట రమణది, పిల్లాడి నడుం మీద చెయ్యి బాపుది. బొమ్మలు వేసేవాడు ఇంకొకరి మాటకు చోటు వదలడం నేర్చుకుంటాడు. బాపు జీవితాంతం ఆ చోటు వదిలాడు, అందులోకి రమణ వచ్చాడు. 2011లో రమణ పోయాక బాపు మూడేళ్లే ఉన్నాడు. వాళ్లలో ఎవరిది ఏ ముఖం అని విడదీసి జాబితా రాయడం ఎవరి తరమూ కాదు, అది మంచిదే.

అలవాటు చేతిలోనే ఉంటుందని నేను ఇంతసేపూ చెబుతున్నాను కదా, దానికి అన్నిటికంటే కష్టమైన పరీక్ష వినోద్ బిహారీ ముఖర్జీ. శాంతినికేతన్‌లో రాయ్‌కు పాఠం చెప్పిన గురువుల్లో ఒకడు. పుట్టుకతోనే ఒక కంటికి చూపు లేదు, రెండో కంటికి బాగా దగ్గర చూపు. ఆ కంటితోనే 1946-47లో హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు భక్తుల జీవితాలు వేశాడు. గోడంత పొడవున మనుషులు ఏరులా సాగిపోతుంటారు. పదేళ్లకు ఒక శస్త్రచికిత్స ఫలించక ఉన్న చూపూ పోయింది.

ఆ తర్వాత ఆయన చేసినవి చూస్తే జాబితా చాలా పొడవు. కాగితపు కత్తిరింపులు, కాగితం మడిచి చేసిన శిల్పాలు, మైనపు బొమ్మలు, గీతలు, బెంగాలీలో రచనలు. మామూలుగా అయితే ఈపాటికి 'బహుముఖ' అన్న మాట పడిపోవాలి. కానీ ఇవేవీ ముచ్చటపడి ఎక్కిన మెట్లు కావు. రంగు పోయింది, కాబట్టి వేళ్లకు తెలిసే వస్తువు కావాలి. కాగితానికి అంచుంది, మడతకు గట్టుంది, మైనం నొక్కితే లొంగుతుంది. బెంగాల్ వాష్ చుట్టూ ఉన్న లోకంలో పెరిగిన మనిషి, చివరికి గట్టి అంచులున్న ఆకారాల దగ్గరికి వచ్చాడు. ఆ కత్తిరింపుల్లో మనుషుల ఒళ్లు ఒరిగే తీరు చూస్తే హిందీ భవన్ గోడే గుర్తొస్తుంది. కన్ను వెళ్లిపోయినా గోడను కొలిచిన చెయ్యి ఉంది.

ఆయన మీద రాయ్ 1972లో 'ది ఇన్నర్ ఐ' అనే చిన్న సినిమా తీశాడు. ఇరవై నిమిషాలే. శిష్యుడు గురువుకు పూలదండ వెయ్యడు. కెమెరా ఎక్కువసేపు ఆయన చేతుల మీదే ఉంటుంది. అప్పుడు ఆయన కళాభవన్ గోడకు పింగాణీ పలకలతో కుడ్యచిత్రం చేస్తున్నాడు. తను చూడలేని గోడ అది. ఆకారాలు ఆయన వేళ్లలో తయారయ్యేవి, వాటిని గోడకెక్కించడానికి విద్యార్థులు సాయం చేసేవారు. ఆ గోడ ఇప్పటికీ శాంతినికేతన్‌లోనే ఉంది.